ఉప్పు బస్తాలో కత్తెర

5 డిసెంబర్ 2024, గురువారం

దొరికింది. ఎర్రగుట్ట వెనక, రెండు బండల సందులో. మధ్యాహ్నం, దానంతటదే ఫోటోలు తీసేలా కట్టి ఉంచిన కెమెరా ట్రాప్ నుంచి మెమరీ కార్డ్ తీసి అక్కడే ఎండలో కూర్చుని చూశాను. నాలుగు తోడేలు పిల్లలు. ఒకటి తల్లి తోక పట్టుకుని లాగుతోంది. నవ్వొచ్చింది. వెంటనే లేచి చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

కృష్ణకాంత్ సార్‌కు ఫోన్ చేశాను. మా సంస్థలో ఈ తోడేళ్ల సర్వే ఆయనదే, హైదరాబాద్‌లో ఉంటాడు. మక్తల్ చుట్టుపక్కల బీళ్లలో తిరిగి వాటి మలం, అడుగుజాడలు, ఫోటోలు పోగుచేసేది నేను. మా సర్వేలో పిల్లలతో తోడేలు బొరియ, సార్ మాటలో డెన్, దొరకడం ఇదే మొదటిసారి. పిల్లలకు నెల ఉంటుంది, ఇంకో ఏడు వారాలు ఆగితే తల్లి వెంట తిరగడం మొదలుపెట్టి గుట్ట వదిలేస్తాయి అన్నాడు. అంతవరకూ ఒక్కరికీ చెప్పొద్దన్నాడు. ఇంట్లో కూడానా సార్ అని అడిగాను. ముఖ్యంగా ఇంట్లో అన్నాడు.

ఆయనకు తెలుసు, మాది గొర్రెలు కాసే కురుమోళ్ల ఇల్లు. బాపు మంద ఎర్రగుట్టకు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది.

7 డిసెంబర్

రెండు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. బాపు చిన్నప్పుడు డెన్ దొరికితే ఏం చేసేవాళ్లో నాకు తెలుసు. ఎండు మిరపకాయల పొగ పెట్టేవాళ్లు. బయటికి వచ్చినదాన్ని వచ్చినట్టు కర్రలతో కొట్టేవాళ్లు. పిల్లలను గోనెసంచిలో వేసి ఊరంతా తిప్పితే ఇంటింటా జొన్నలు పెట్టేవాళ్లట. బాపు ఈ కథ చెప్తుంటే నేను ఒళ్లో కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని.

మంద దగ్గర దాని పేరు తీయరు. పేరు తీస్తే పిలిచినట్టేనంటారు. 'అది' అంటారు. బి.ఎస్సీ. జువాలజీ చదివి నేనూ అక్కడ 'అది' అనే అంటాను. సార్‌కు చెబితే ఇంట్రెస్టింగ్ అని రాసుకున్నాడు. ఆయనకు ఇంట్రెస్టింగే. మందలో పడుకునేది ఆయన బాపు కాదు కదా.

9 డిసెంబర్

హనుమంతు కాక గొర్రెపిల్లలు ఆరు పోయాయి. ఒకేసారి ఆరు. కాక బాపుకు వరసకు తమ్ముడు, పక్క చెలకలోనే మంద పెడతాడు. పొద్దున్నే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగలేదు.

నీ బిడ్డ వాటి వెంటనే తిరుగుతుంది గదా అన్నా, ఎక్కడ పిల్లల్ని పెట్టిందో తెల్వదా అని బాపును అడిగాడు. నన్ను చూడలేదు. నేను చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగను నేనే.

10 డిసెంబర్

సాయంత్రం బాపు దాని నోరు కట్టాడు.

నేను చిన్నప్పుడెప్పుడో చూశాను, మళ్లీ ఇవాళే. ఉన్ని కత్తిరించే కత్తెరను మూసి, నల్ల గొర్రె ఉన్నితో దారం పేని, దాని రెండు అలుగుల చుట్టూ బిగించి చుడతారు. చుట్టేటప్పుడు ఎవరి నోరు కట్టాలో మా కులదేవుడు బీరప్పకు చెప్పాలి. తర్వాత మంద నడుమ పాతిపెట్టాలి. కత్తెర మూసి ఉన్నన్ని రోజులు దాని నోరూ మూసుకునే ఉంటుందట. కానీ తొమ్మిది రోజులే. తొమ్మిదో రోజు కట్టినవాళ్లే విప్పాలి. విప్పకపోతే ఆకలితో మాడిన నోటి ఉసురు తగులుతుంది. అప్పుడు కట్టినవాళ్ల ఇంట్లో ఒకరి నోరు పడిపోతుంది.

అమ్మ దూరం నుంచే దండం పెట్టింది. నేను ఫోన్‌లో ఫోటో తీద్దామనుకుని తీయలేదు.

14 డిసెంబర్

పంచాయతీ ఆఫీసులో మీటింగ్. సార్ హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. దేశంలో పులుల కన్నా ఇవే తక్కువున్నాయట. గడ్డి బీళ్లు బతకాలంటే ఇవి ఉండాలట. జీవం పోతే కళేబరాన్ని కదపకుండా ఫోటో తీసి, పశువుల డాక్టర్‌తో రాయించి ఇస్తే నష్టపరిహారం వస్తుందన్నాడు. పిల్లను మొత్తానికే ఎత్తుకపోతే దేని ఫోటో తియ్యాలె, నా మొఖం ఫోటో తియ్యాల్నా అని కాక అడిగాడు. అందరూ నవ్వారు. కాక నవ్వలేదు.

బీడులో సగం సోలార్ ప్లాంట్ కంచెలోకి పోయింది. మిగిలిన సగంలో గుంతలు తీసి మొక్కలు పెట్టారు. కుందేళ్లు లేవు, జింకలు లేవు. మరి అది ఏం తినాలె అని ఎవరో అడిగారు. సార్ నిజమే అన్నాడు, గడ్డిని బంజరు అనుకోవడమే అసలు తప్పన్నాడు. అప్పుడు కాక లేచి నిలబడ్డాడు.

"పులికి అడివిచ్చిండ్రు. దీనికేమో మా మందలిచ్చిండ్రా సారూ?"

ల్యాప్‌టాప్ వైరు చుట్టి సంచిలో పెట్టాను.

18 డిసెంబర్

తొమ్మిదో రోజు. ఈ తొమ్మిది రోజుల్లో ఎవరి మందలోనూ ఒక్క జీవం పోలేదు. కెమెరాలో చూస్తే తల్లి వేరే దిక్కు, సోలార్ వైపు వేటకు పోతోంది. అంతే, ఇంకేం లేదు. అయినా ఆ పిల్లల డొక్కలు చూస్తే భయమేసింది.

బాపు కత్తెర తవ్వి తీశాడు. హనుమంతు కాక పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఉండనియ్యి అన్నా, సావనియ్యి అన్నాడు. ఇద్దరూ గుంజుకున్నంత పనయింది. బాపు దారం విప్పుతూ ఒకటే మాట అన్నాడు.

"దానికి గూడ పిల్లలుంటయిరా."

పాపం తగులుతుందని భయం, అంతకంటే ఏం లేదు బాపుకు. పొగపెట్టిన చేతులే కదా అవి.

20 డిసెంబర్

కాక మందలో మళ్లీ మూడు.

23 డిసెంబర్

బాపుకు తెలిసిపోయింది.

సాయంత్రం గొర్రెలకు ఉప్పు పెడుతున్నాడు. నేను బస్తా పట్టుకున్నాను. తల ఎత్తకుండానే అన్నాడు, నీ బూట్ల అడుగులు ఎర్రగుట్ట కాడ శానా ఉన్నయి బిడ్డ అని. నాలుగా, అయిదా అని అడిగాడు. నాలుగు అన్నాను. అబద్ధం కూడా రాలేదు నోటికి.

ఉప్పు అయిపోయింది, చేతులు దులుపుకున్నాడు.

26 డిసెంబర్

ఆదివారం బీరప్ప గుడి దగ్గర పంచాయితీకి కూర్చుంటారట. కాక పెట్టించాడు. మందలున్న ప్రతి మగమనిషీ బండారు చేతిలో పట్టి, డెన్ ఎక్కడుందో తెలుసో తెలియదో చెప్పాలి. బండారంటే మాకు ఉత్త పసుపు కాదు. అది చేతిలో ఉండగా అబద్ధమాడినవాణ్ని బీరప్ప నిలబడనియ్యడు.

బాపు ఎప్పుడూ అబద్ధమాడలేదు. సొంత తమ్ముడు పొట్టేలును దొంగిలించాడని బండారు పట్టి చెప్పిన మనిషి. పద్నాలుగేళ్లయింది, ఆ బాబాయి మా గడప తొక్కలేదు.

రాత్రి అన్నం దగ్గర బతిమాలాను. ఇంకో నాలుగు వారాలే బాపు అన్నాను. ఉద్యోగం పోతుందన్నాను. ఏడ్చాను కూడా. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

"బండారు చేతిల పడ్డంక నేనేం జెయ్యాలె బిడ్డ? నువ్వే జెప్పు."

27 డిసెంబర్

సార్ ఫోన్ ఎత్తలేదు. తర్వాత మెసేజ్ పెట్టాడు, ఢిల్లీలో మీటింగ్‌లో ఉన్నానని. ఎలాగైనా మేనేజ్ చెయ్ నిరోషా అని.

మేనేజ్.

28 డిసెంబర్, సాయంత్రం 5

సిగ్గు లేకుండా రాస్తున్నాను. ఇంకెవరికీ చెప్పలేను కనుక ఇక్కడే రాయాలి.

అటక మీద పాత ఉన్ని కత్తెర ఒకటుంది. దించాను. బాపు గొంగడి అంచు నుంచి నల్ల ఉన్ని పీకాను. పేనడం చిన్నప్పుడే వచ్చు. చుట్టాను. చుట్టేటప్పుడు పేరు చెప్పాలి కదా, బాపు పేరు చెప్పాను. కురుమ కాటమయ్య నోరు కట్టు బీరప్పా అన్నాను. అన్నాక నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

గొర్రెల ఉప్పు బస్తాలో, అడుగున పెట్టాను. అక్కడ ఎవరూ వెతకరు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఒక్క రోజే. రేపు గుడి నుంచి రాగానే విప్పేస్తాను.

29 డిసెంబర్

బాపు పడిపోయాడు.

నలుగురు గొంగడిలో వేసి మోసుకొచ్చారు. లేచిండు, బండారు పట్టిండు, పడిపోయిండు. నలుగురిదీ ఒకటే మాట. నోరు కుడివైపుకు వంగిపోయి ఉంది. చెంప మీద పసుపు.

30 డిసెంబర్, మహబూబ్‌నగర్ దవాఖాన

మెదడులో రక్తం గడ్డకట్టింది. ఒక చెయ్యి, మాట పోయాయి. బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అని డాక్టర్ అడిగాడు. రెండు నెలలుగా వేసుకోవడం లేదట, వేసుకుంటే మంద వెంట నడుస్తుంటే కళ్లు తిరుగుతున్నాయని. అమ్మ ఇప్పుడు చెబుతోంది.

డాక్టర్ చెప్పిందంతా అర్థమైంది. సైన్సు చదివినదాన్ని. తల ఊపుతూనే ఉన్నాను. కళ్ల ముందు ఉప్పు బస్తా.

చెప్పకముందే పడిపోయాడు. నేను అడిగింది అదే కదా.

3 జనవరి 2025

ఇంటికి తెచ్చాం. మాట కోసం ఒక కాగితం ఇచ్చారు. రోజుకు మూడుసార్లు ఎదురుగా కూర్చుని అ, ఆ, మా, పా అనిపించాలి. మొదటి నెలే ముఖ్యమట. ఇప్పుడు వచ్చిందే వచ్చినట్టు, తర్వాత రావడం కష్టమట. చదువుకున్నదానివి, నీదే బాధ్యత అని నర్సు కాగితం నా చేతిలోనే పెట్టింది.

కెమెరా చూసి వచ్చాను. పిల్లలు గుట్ట కిందికి దిగుతున్నాయి కానీ రాత్రికి మళ్లీ అక్కడికే చేరుతున్నాయి. ఇంకో మూడు వారాలు.

5 జనవరి

తొమ్మిదో రోజు. విప్పాలి.

బస్తా దాకా వెళ్లాను. ఉప్పులోకి చెయ్యి మోచేతి దాకా పెట్టాను. కత్తెర చల్లగా తగిలింది. విప్పితే మాటొస్తుంది. మాటొస్తే కాక అడుగుతాడు. బాపు చెబుతాడు. కర్రలు, మిరపకాయలు, గోనెసంచి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇదంతా నమ్మకపోతే విప్పడానికి భయమెందుకు? నమ్మితే విప్పకుండా ఎలా ఉన్నాను?

8 జనవరి

హనుమంతు కాక రోజూ వస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి మందను ఎవరికో అప్పజెప్పి వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. బాపు చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చెవిలో ఏదో చెబుతాడు. నేను వెళితే ఆపేస్తాడు. ఇవాళ తలుపు చాటున నిలబడి విన్నాను. ఒక్కసారి నిజం చెప్పన్నా అంటున్నాడు. ఒక్కసారి చాలంటున్నాడు. మనిషి నోరు పడిపోయినా వదలడం లేదు.

బాపు మంచి చెయ్యి లేచింది. వేలు చాస్తున్నాడో ఏమో. జావ గిన్నెతో మధ్యలోకి వెళ్లి ఆ చేతి మీద ఒలకబోశాను. కావాలనే. వేడిగానే ఉంది జావ.

బాపు నన్ను చూశాడు. తుడిచాను.

10 జనవరి

అమ్మ అడుగుతుంది, ఇయ్యాల అనిపించినవా బిడ్డ అని. అనిపించానంటాను. అనిపించకుండానే కాగితం మీద మూడు టిక్కులు పెడతాను. అమ్మకు చదువు రాదు, టిక్కులు మాత్రం లెక్కపెట్టుకుంటుంది.

12 జనవరి

ఇప్పుడు మందకు నేనే పోతున్నాను. ఇవాళ పొద్దుగూకే వేళ వచ్చింది. అది.

కుక్క మొరగలేదు. గొర్రెలన్నీ ఒక్కసారిగా ఒక మూలకు ఒదిగాయి. తల ఎత్తితే ముప్పై అడుగుల దూరంలో నిలబడి ఉంది. ఫోటోల్లో చూసిన తల్లే, ఎడమ చెవి చీలిక ఉంది. నన్ను చూసింది. అందులో కోపం లేదు, భయం లేదు. నా పక్క నుంచే వెళ్లి పది రోజుల గొర్రెపిల్లను మెడ దగ్గర పట్టుకుంది. ఎంత మెల్లగా పట్టుకుందంటే పిల్ల అరవను కూడా లేదు.

నేను అరిచాను. రాళ్లు విసిరాను. అమ్మనా బూతులు తిట్టాను. ఆ క్షణంలో నా చేతిలో తుపాకీ ఉంటే కాల్చేసేదాన్ని, సర్వే లేదు గిర్వే లేదు. ఆ నాలుగింటి కోసం మా బాపు నోరు మూసి కూర్చున్నాను, అది వచ్చి మా పిల్లనే ఎత్తుకుపోయింది. తల్లిగొర్రె చీకటి పడేదాకా ఆ చోటు వాసన చూస్తూ తిరిగింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎటు పోయిందని అడుగుతారు.

16 జనవరి

బాపు ఇవాళ నన్ను చూసి 'ని' అన్నాడు. నా పేరులో మొదటి అక్షరం. విననట్టు అటు తిరిగి దుప్పటి మడతపెట్టాను. అమ్మకు చెప్పలేదు.

17 జనవరి

మళ్లీ అనలేదు.

21 జనవరి

కెమెరాలో మూడే పిల్లలు. నాలుగోది ఏమైందో తెలియదు. ఒక పిల్ల పోతే ఇంత బాధా అని నన్ను నేనే తిట్టుకున్నాను. లోపల మంచం మీద ఒక మనిషి ఉన్నాడు.

25 జనవరి

వెళ్లిపోయాయి. నాలుగు రోజులుగా కెమెరాలో ఏమీ లేదు. ఇవాళ బండల సందులోకి పాకి చూశాను. ఎముకలు, వెంట్రుకలు, ఒక నల్ల ఉన్ని ముక్క. వాసన. జాడలు కృష్ణా నది వైపు పోయాయి. తల్లి, మూడు పిల్లలు.

సార్‌కు చెప్పాను. నువ్వు కాపాడావు నిరోషా అన్నాడు. నేను గుట్ట మీదే కూర్చుండిపోయాను. ఇక ఎవరు ఏం చెప్పినా ఫరవాలేదు. రేపటి నుంచి రోజుకు మూడుసార్లు కాదు, పదిసార్లు అనిపిస్తాను.

26 జనవరి, ఆదివారం

సాయంత్రం కాక వచ్చాడు. ఇక దాచేదేముంది, నేనే చెప్పేశాను. ఎర్రగుట్ట వెనక ఉండేవి కాకా, పోయాయి, బాపును ఇంక అడగకు అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టినా పడేదాన్ని.

కాక కొట్టలేదు, అరవలేదు. అరుగు మీద కూలబడ్డాడు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

ఆ రోజు గుడి దగ్గర ఏం జరిగిందో చెప్పాడు. బాపు లేచాడు. బండారు చేతిలోకి తీసుకున్నాడు. నాకు తెల్వదు అన్నాడు. స్పష్టంగా, అందరికీ వినబడేటట్టు. వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఆ తర్వాత పడిపోయాడు. మోసుకొచ్చిన నలుగురూ ఆ ఒక్క మాట మింగేశారు. బండారు పట్టి అబద్ధమాడిండంటే ఇంటికి మచ్చ, ఆడోళ్లకు చెప్పొద్దు అనుకున్నారట.

"అబద్ధమని నాకు గప్పుడే ఎర్కయింది. బీరప్ప నోరు వట్టిండనుకున్న. నిజం జెప్తే ఇడుస్తడేమో అని దినాం వచ్చి అడుగుతున్న బిడ్డ. నా గొర్రెల కోసం గాదు."

చెప్పేసి వెళ్లిపోయాడు. తొమ్మిది గొర్రెపిల్లలను పోగొట్టుకున్న మనిషి.

బాపు చెప్పేవాడు కాదు. దానికి గూడ పిల్లలుంటయిరా అన్నప్పుడు రెండడుగుల దూరంలో నిలబడి విన్నాను. రాసుకున్నాను కూడా. పేజీలు వెనక్కి తిప్పి చూశాను, ఉంది. దాని కింద నేను రాసిన మాట కూడా ఉంది.

బాపు ఎదురుగా కూర్చుని అ అన్నాను. ఆ అన్నాను. మా. పా. ని. బాపు నా నోటినే చూస్తున్నాడు. పెదవులు కదలలేదు. అమ్మ దగ్గరకొచ్చి, ఇన్ని దినాలు అనిపించినవు గదా, ఒక్కటన్న రాలేదా అని అడిగింది.

27 జనవరి

ఉప్పు బస్తాలోంచి కత్తెర తీశాను. దారం విప్పాను, చేతికి పొడిపొడిగా వచ్చింది. కత్తెర తెరుచుకోలేదు. నెల రోజులు ఉప్పులో ఉండి రెండు అలుగులూ తుప్పుతో అతుక్కుపోయాయి. బాపు మంచం మీంచి చూస్తున్నాడు.

కొబ్బరినూనె పోసి ఎండలో పెట్టాను. గంటకోసారి వెళ్లి గుంజి చూస్తున్నాను.